లోపల వదిలిన గుడ్డ

శ్రీరాంపురం మూడో క్రాసులో నా షాపు.
బోర్డు మీద కన్నడంలో నా పేరు ఒత్తు లేకుండా రాశాడు పెయింటరు,
ఇరవై రెండేళ్లైనా దిద్దించలేదు.
కుళ్లాయమ్మ అని ఎవరు పిలుస్తారులే,
అందరికీ టైలరమ్మనే.

నాలుగేళ్ల కింద దాహం మొదలైంది.
బిందె ఎత్తి తాగినా నాలుక అట్టముక్కే.
గంటకోసారి మిషను ఆపి
వెనక సందులోకి పరుగు.
క్లినిక్కాయన వేలు గుచ్చి చూసి
"షుగరు. ఈ వయసుకు మామూలే" అన్నాడు.
ఒక మాత్ర. ఆర్నెల్లకు రెండు. ఏడాదికి ఇంకో రంగుది.
"నోరు కట్టుకో తల్లీ."

కట్టుకున్నాను.
అన్నం మానేసినాను, రాగిముద్ద సగం చేసినాను.
పెళ్లి బ్లౌజులు కుట్టిచ్చిన ఇళ్లలో చిరోటీ పెడితే
కాగితంలో చుట్టి షమీమ్ చేతిలో పెట్టినాను.
కాకర రసం, మెంతులు, నేరేడు గింజల పొడి,
వీధిలో ఎవరి నోట ఏ మందొస్తే అది.
ఐనా కాగితం మీద మూడొందల పది.
"దొంగతనంగా తింటున్నావు"
నవ్వుతూనే అన్నాడాయన.
ఆ రాత్రి మా ఓబులేసు
బెల్లం డబ్బా అటకెక్కించినాడు,
నేను నిద్రపోయినాననుకుని.

సన్నబడుతుంటే వీధంతా అసూయ.
"ఏం చేస్తాండావక్కా, మాకూ చెప్పు."
ఏం చెప్పేది?
నా జాకెట్టు నేనే పట్టుకుంటూ పోయినాను,
కుట్టు పక్కన కుట్టు, దాని పక్కన ఇంకోటి.

రాజాజీనగరు ఆస్పత్రిలో కొత్తగా వచ్చిన పిల్ల,
డాక్టర్ సుమేధా కిత్తూరు.
ఫైలు తెరవకముందే నా చంక కింద చూసింది.
"ఇన్ని వరసల కుట్లేంటమ్మా?"
సంచిలోంచి కొలతల పుస్తకం తీసినాను.
చివరి పేజీ నాది.
నడుము ముప్పై నాలుగు.
ఉగాదికి ముప్పై రెండున్నర.
వరమహాలక్ష్మికి ముప్పై.
దసరాకి ఇరవై ఎనిమిది, పక్కన ఒక ప్రశ్న గుర్తు.
లాబు రిపోర్టు చదివినట్టు చదివింది, వేలు పెట్టి.
"థైరాయిడ్ ఉందా?"
పదేళ్లుగా ఉంది. ఎవరూ అడగలేదు.
పెన్ను మూత పెట్టి నన్ను చూసింది.

రెండు పట్టు బ్లౌజుల మగ్గం పని డబ్బులు
ఆ ఒక్క రక్తపరీక్షకే పోయినాయి.
తొమ్మిది రోజులు.

"మీరు తిన్నందుకు కాదమ్మా.
ఒంట్లో కాపలా వాళ్లే
ఇన్సులిన్ చేసే కణాల్ని పగవాళ్లనుకుని
ఒక్కొక్కటే చంపేస్తున్నారు.
ఖాళీ గాదెను మాత్రలతో ఎంత తట్టినా
గింజ రాలుతుందా?"

అది చిన్నపిల్లలకొచ్చేది కదా?

"యాభై మూడేళ్లకూ వస్తుంది.
నిదానంగా వస్తుంది గనకే
అందరూ మామూలు షుగరనుకుంటారు."

ఏడ్చినాను.
సూదికి భయమనుకుంది పాపం,
సన్నటి సూది తీసి చూపించింది, నొప్పుండదని.
నాకు సూది చూపిస్తావా తల్లీ!
నేనేడ్చింది చిరోటీల కోసం.
తినని వాటి కోసం, తిన్నానని పడిన మాటల కోసం.

ఇప్పుడు రోజుకు నాలుగు పోట్లు, పొట్ట మీద.
సుఖమని చెప్పను.
లెక్క తప్పితే మధ్యాహ్నం పూట చెమట పట్టి
చేతులు వణికి దారం సూదిలోకి దూరదు.
అప్పుడు నోట్లో ఒక బెల్లం ముక్క.
ఓబులేసే డబ్బా దించినాడు.
ఏమీ అనలేదు.
అది రాయి కట్టి ఉంటే
రోకలితో కొట్టి ముక్కలు చేసి
మిషను సొరుగులో పోసినాడు, గుండీల పక్కన.

మంచి టైలరు ఎవరి బ్లౌజుకైనా
లోపల రెండంగుళాల గుడ్డ వదులుతుంది.
మనిషి ఎప్పుడూ ఒకే కొలతలో ఉండదు కదా.
నిన్న నా జాకెట్టు తిరగేసి
బ్లేడుతో చివరి వరస విప్పినాను.
రంగు లోపల కొత్తగానే ఉంది.
ఇంకా రెండు వరసలున్నాయి.
తొందరేం లేదు,
ముందు రెడ్డిగారి కోడలి ఫాల్సు కుట్టాల.